కార్డు తీసుకో చెల్లీ

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకు కోసిగిలో తెలిసింది. పుట్టింటికి వెళ్లి ఇంకా సంచి కూడా విప్పలేదు. మా ఆయన కడప నుంచి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పాడు. పొద్దున బియ్యం ఏరుతూ ఛాతీలో పట్టేసినట్టు ఉందని అందట. బావగారు ఆటో పిలుచుకొచ్చేలోపే అంతా అయిపోయిందట. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, సంగతి విని, నోటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని మొట్టమొదట అన్న మాట ఇది.

"అయ్యో దేవుడా, మీ యారాలు ఎంత బంగారట్లాంటి మనిషి. ఇంగ మీ అంగట్లో ఆ కంప్యూటరు ఎవురు చూస్తారే?"

ఆమెకు ఎదురుగా నిలబడి ఉన్నది నేను. కంప్యూటరులో డిప్లొమా చేసినదాన్ని. ఆ డిప్లొమా కోసం రోజూ క్యారియర్ కట్టిచ్చి నన్ను ఆదోని బస్సెక్కించింది ఆ తల్లే. కళ్లదాకా వచ్చిన నీళ్లు అక్కడే ఆగిపోయాయి. వాటి వెనక నుంచి పాత మంట ఒకటి పైకి లేచింది. పోయిన మనిషి మీద కూడా కుళ్లుకోవచ్చని నాకు ఆ పూటే తెలిసింది.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇంట్లోవాళ్లు నన్ను అడిగారు. రాస్తాను. కానీ చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను, నాకు ఆమెను మెచ్చుకోవడం అలవాటు లేదు. ఊళ్లో ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు కనుక నా అవసరం పడలేదు. నేను చేసిందల్లా ఆమె పక్కన కూర్చుని ఏళ్ల తరబడి కుళ్లుకోవడమే. ఆ లెక్కన చూస్తే ఆమెను నా అంత దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరూ లేరు.

కోసిగిలో బండెక్కాను. గుంతకల్లు దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. ఎర్రగుంట్ల దాకా ఆమెలో నాకు నచ్చనివి ఏరుకుంటూ కూర్చున్నాను. అలా చేస్తే ఏడుపు రాదని నా ఆశ. ఒకటీ అరా దొరికాయి. పప్పులో ఉప్పు ఎక్కువ వేసేది. నవ్వితే వీధి చివరికి వినబడేది. అంతకు మించి దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్లు మండింది.

ఇంటి ముందు షామియానా కింద ఉన్నవాళ్లంతా ఆమె తమ మనిషే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. మాకు ఆల్బంలు కుట్టిచ్చే భాయ్ గోడకు ఆనుకుని కూర్చుని, మా ఆపా పోయింది, ఇంక నాకు పని చెప్పేవాళ్లు లేరు అంటున్నాడు. నాకు సొంత అక్క లాంటిది అంటోంది పూలమ్మే ఆమె. ఎదురింటి టీచరమ్మ కూడా అదే మాట. నాకు వాళ్లందరినీ లేచి పొమ్మనాలనిపించింది. ఆమెను అక్కా అని నోరారా పిలవాల్సిన వరస నాది. మీదెట్లా అయింది అని అడగాలనిపించింది. అడగలేదు. లోపలికి వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

మాది కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో ఫోటో స్టూడియో. మామగారు రీలు కెమెరాల కాలంలో పెట్టింది. నేను కాపురానికి వచ్చేనాటికి డిజిటల్ కెమెరా వచ్చేసింది. అన్నదమ్ములిద్దరూ పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిరిగి ఫోటోలు తీసుకొస్తారు. ఆ ఫోటోలు కార్డులోంచి కంప్యూటరులోకి ఎక్కించడం, ఎవరివి వాళ్లకు విడిగా ఫోల్డర్లలో పెట్టడం, ఆల్బం కూర్చడం ఇంట్లో ఆడవాళ్ల పని. పెళ్లిచూపుల్లో మామగారు నా వంటకంటే నా డిప్లొమా గురించే ఎక్కువ అడిగారు. దాంతో ఆ ఇంట్లో కంప్యూటరు ముందు కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచారని అనుకున్నాను.

ఖాళీగా లేదు. పేము అల్లిన ఆ కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని మా అక్క కూర్చుని ఉంది. ఆమెది బద్వేలు. పెళ్లికి ముందు అక్కడ ఒక కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెప్పిందట. నాకంటే ముందు చదివింది కనుక ఆమె నేర్చుకున్నదంతా మౌసు లేని కాలం చదువు. నాది బొమ్మల కాలం చదువు. గృహప్రవేశమైన మర్నాడు నన్ను అంగట్లోకి పిలిచి, తన పక్కన ఒక స్టూలు వేసి, కూర్చో చెల్లీ అంది. నాకు కావలసింది ఆ కుర్చీ. దొరికింది స్టూలు. మా కథంతా ఆ రోజే మొదలైంది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కీబోర్డు పక్కన స్టీలు గిన్నెలో బొరుగులు పెట్టుకునేది. కుడిచేత్తో బొరుగులు తింటూ ఎడంచేత్తో టైపు చేసేది. తిన్న చెయ్యి మీటల మీద పెట్టకూడదని ఆమె నియమం. ఆ ఒక్క చేత్తోనే నా రెండు చేతులకంటే వేగంగా కొట్టేది. నేను ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎడంచేత్తో కొట్టడం సాధన చేశాను. నాకు రాలేదు. బొరుగులు తినడం మాత్రం అలవాటైంది.

ఆమె గొప్పంతా ఒక నల్ల కిటికీలో ఉండేది. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వరుసలు రాసేది. ఆ ఫైలు పేరు చివర చుక్క పెట్టి బ్యాట్ అని చేర్చి దాచేది. డెస్క్‌టాప్ మీద పళ్లచక్రం బొమ్మ ఒకటి వచ్చి కూర్చునేది. కార్డు గుచ్చి ఆ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే నల్లటి కిటికీ తెరుచుకుని, తెల్లటి అక్షరాల్లో యాడ అని అడిగేది. ఇంగ్లీషు అక్షరాలే, మాట మాత్రం మాది. ఊరి పేరు కొడితే చాలు. ఆ రోజు తేదీ, ఆ ఊరి పేరు కలిపి కొత్త ఫోల్డరు అదే తయారుచేసేది. దాంట్లో ఆల్బంకి ఒకటి, పెద్ద సైజు ఫోటోలకు ఒకటి, సీడీకి ఒకటి చిన్న ఫోల్డర్లు పెట్టేది. కార్డులో ఉన్న ఫోటోలన్నీ వరసగా దాంట్లోకి కాపీ చేసేది. ఫైళ్ల పేర్లు కింద నుంచి పైకి గబగబా పరిగెత్తిపోయేవి. చివర్లో అయిపాయె అని ఒక మాట, ఏదన్నా ఒగటి నొక్కు అని ఇంకో మాట. నొక్కితే కిటికీ మూసుకుపోయేది.

దీన్నే స్క్రిప్టు అంటారని నాకూ తెలుసు. డిప్లొమాలో ఒక పాఠం ఉండింది. పరీక్షకు రాదని మా సారు వదిలేశాడు.

ఈ పని నేను మౌసుతో చేసేదాన్ని. కొత్త ఫోల్డరు చేసి, పేరు కొట్టి, ఫోటోలన్నీ పట్టి, లాగి వదిలేదాన్ని. నా పని కూడా తప్పేమీ కాదు. కానీ నేను ఒక పెళ్లి లాగేలోపు ఆమె మూడు పెళ్లిళ్లు ఎక్కించి బొరుగుల గిన్నె ఖాళీ చేసేది. నా వైపు తిరిగి, ఎలుక తోక పట్టుకొని ఎంత దూరం పోతావు చెల్లీ అని నవ్వేది. ఆ నవ్వు వీధి చివరిదాకా వినబడేది.

"ఒగసారి అయితే చేత్తో చెయ్యి. రెండోసారి చేసేటప్పుడు ఆలోచించు. మూడోసారి కూడా చెయ్యాల్సొస్తే రాసి పెట్టేయ్" అనేది. అంగట్లో పనికే కాదు, ఇంట్లోనూ అంతే. మామగారి మందుల డబ్బాకు పొద్దున, సాయంత్రం అని రంగు దారాలు కట్టింది ఆమే. అది చూసి మామగారు వచ్చినవాళ్లందరికీ ఆ డబ్బా చూపించేవారు. నేను అదే మామగారికి కళ్లజోడు తుడిచిపెట్టేదాన్ని. కళ్లజోడు ఎవరికీ చూపించలేదు.

నాకూ ఒక విద్య ఉంది. ఆల్బంలో పెళ్లికూతురి వెనక పూలతోట పెట్టడం, ముఖం మీద చెమట తీసేయడం, ఎండకు నల్లబడ్డ చేతులు ముఖంతో కలిసేలా చేయడం నా పనే. ఆడపిల్లలు నా స్టూలు చుట్టూ మూగేవాళ్లు. అయినా అంగడి పేరు మోసింది ఆమె వల్ల. ఎప్పుడో జరిగిన పెళ్లి ఫోటో ఇంకోటి కావాలని ఎవరు వచ్చినా ఆమె ఒక్క నిమిషంలో తీసిచ్చేది. వాళ్లు కడప అంతా చెప్పుకునేవాళ్లు. మా ఆయనను నేను ఏదైనా అడిగితే, వదినకు తెలుసు, వదినను అడుగు అనేవాడు. పక్కమీద పడుకుని అడిగినా అదే జవాబు. ఆ మాటకు నేను ఎన్నిసార్లు అటు తిరిగి పడుకున్నానో ఆయనకు తెలియదు.

అందుకే నాకంటూ ఒకటి చేసుకున్నాను. కార్డు నా చేతికి వస్తే ఆమె బొమ్మ నొక్కడానికి ముందు, నా పద్ధతిలో మౌసుతో లాగి ఇంకో చోట దాచేదాన్ని. నా పేరుతో ఒక ఫోల్డరు, దాంట్లో పెళ్లికూతురి ఇంటిపేరుతో ఇంకోటి. ఊరిపేర్లు పెట్టి ఏం లాభం, ఒక ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరగవు, ఇంటిపేరు పెట్టడమే తెలివైన పని అని నా వాదన. ఆ వాదన ఎవరితోనూ అనలేదు. నా పద్ధతే మేలని తేలే రోజు ఒకటి వస్తుందని ఎదురుచూస్తూ లాగుతూ పోయాను.

ఇక్కడ ఆమె గుణం ఒకటి చెప్పాలి. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఫోటోలు సగం ఎక్కాక పోయిందంటే మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అప్పుడు ఆ నల్ల కిటికీ ప్రతి ఫోటోకీ ఆగి, ఈ పేరుతో ఫైలు ముందే ఉంది, దాని మీదే రాయమంటావా అని అడిగేది. బావగారికి ఆ ప్రశ్న చూస్తే చెమటలు పట్టేవి. కెమెరా పట్టుకుంటే ఆయన అంతవాడు లేడు, కంప్యూటరు ముందు మాత్రం బడిపిల్లాడైపోయేవాడు. అంగట్లోంచి వంటింట్లోకి కేకలు వేసేవాడు. అక్క చేతులు కడుక్కుని వచ్చి, చూసి, స్క్రిప్టులో ఒక అక్షరం చేర్చింది. ఇక అడగొద్దు, ఉన్నదాని మీదే రాసెయ్ అని దానర్థం. ఆ రోజు నుంచి బావగారు నిశ్చింతగా ఉన్నాడు.

"మగోళ్లను ప్రశ్నలు అడగగూడదు చెల్లీ. తెలీదని చెప్పేది వాళ్లకు రాదు" అంది నాతో, గొంతు తగ్గించి. ఆ ఒక్కసారి నేనూ నవ్వాను.

తర్వాత మా ఆయనకు కూడా అదే రకం కెమెరా కొన్నారు. అన్నదమ్ములు చెరో ఊరికి పోయేవాళ్లు. ఒకరిది పులివెందుల అయితే ఇంకొకరిది రాయచోటి. ఫోల్డర్లు వేరు కనుక ఏ ఇబ్బందీ రాలేదు.

ఒక వైశాఖంలో మంచి ముహూర్తం పడింది. ఆ రోజు ఒంటిమిట్ట గుడిలో పెళ్లి చేసుకోవడానికి నలుమూలల నుంచీ జనం వచ్చారు. మా అంగడికి రెండు పెళ్లిళ్లు వచ్చాయి, రెండూ ఒంటిమిట్టలోనే, రెండూ ఒకే ముహూర్తానికి. ఒకటి బద్వేలు వాళ్లది, అక్క పుట్టింటి వీధివాళ్లు. దానికి బావగారు పోయాడు. రాజంపేట వాళ్ల పెళ్లికి మా ఆయన. రాములవారి ఎదుట ఒక మంటపంలో అన్న, ఇంకో మంటపంలో తమ్ముడు ఫోటోలు తీసుకుంటూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారట.

సాయంత్రం ఇద్దరూ వచ్చి కార్డులు నా చేతిలో పెట్టారు. నేను ఎప్పటిలాగే ముందు నాకోసం లాగి పెట్టుకున్నాను. తర్వాత ఆమె బొమ్మ నొక్కాను. యాడ అని అడిగింది. ఒంటిమిట్ట అని కొట్టాను. రెండో కార్డు పెట్టాను. యాడ అంది. మళ్లీ ఒంటిమిట్ట. జరిగింది అదే కదా మరి. మర్నాడు ఇంకో ముహూర్తం ఉందని అన్నదమ్ములు కార్డులు ఖాళీ చేసి కెమెరాల్లో పెట్టుకుని వెళ్లిపోయారు.

కార్డు ఖాళీ చేసిన ప్రతిసారీ ఆ కెమెరాలు రెండూ ఫోటోలకు ఒకటో నంబరు నుంచే పేర్లు పెడతాయి. ఒకే తేదీ, ఒకే ఊరు, ఒకే నంబర్లు. అడగొద్దని ముందే చెప్పి ఉంచారు కనుక కిటికీ ఏమీ అడగలేదు. బద్వేలు పెళ్లి మీద రాజంపేట పెళ్లిని రాసేసింది.

ఆల్బం కూర్చుదామని అక్క ఆ ఫోల్డరు తెరిచిన రోజు నేను పక్కన స్టూలు మీదే ఉన్నాను. జీలకర్ర బెల్లం రాజంపేట వాళ్లది. తాళి రాజంపేట వాళ్లది. తలంబ్రాలూ వాళ్లవే. బావగారు ఫోటోలు ఎక్కువ తీశాడు కనుక చివరి నంబర్లవి మాత్రం మిగిలాయి. అవన్నీ భోజనాల పంక్తులు. బద్వేలు వాళ్లకు పెళ్లి లేదు, విస్తళ్లు మాత్రం ఉన్నాయి. అక్క చేతిలో బొరుగులు గిన్నెలోకి జారిపోయాయి. ఆమె రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు లోపల ఏమనిపించిందో దాచను. నేను ఎదురుచూసిన రోజు వచ్చింది. అందరూ చూస్తుండగా, ఆమె నోరు తెరిచి నన్ను అడిగేదాకా ఆగుదామనుకున్నాను. కుర్చీలోంచి ఆమె నాకేసి తిరగాలి. నాకు కావలసింది అంతే.

ఆమె నాకేసి తిరగలేదు. లేచి నేరుగా మామగారి దగ్గరికి పోయింది. అన్నదమ్ములు కూడా అక్కడే ఉన్నారు.

"మామా, బద్వేలోళ్ల పెండ్లి పోగొట్టినా. తప్పు నాదే. నేను పెట్టిన అక్షరం వల్లనే పోయినాది" అంది.

బావగారు తేరుకుని, కార్డు చెడిపోయిందని చెబుదాం, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. కార్డు ఏం చేసింది పాపం, నేనే పోయి వాళ్లకు చెప్పొస్తా అంది అక్క. ఆ ఇంట్లో ఆమె పుట్టిపెరిగిన వీధివాళ్లు ఉంటారు. పెళ్లికూతురిని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది కూడా. అక్కడ నిలబడి, మీ బిడ్డ పెళ్లి నా చేతుల్లో పోయింది అని చెప్పడానికి పోతోంది. చీర కూడా మార్చుకోలేదు. నేను లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఆమె వాకిట్లో చెప్పులు వేసుకుంటోంది. తప్పు ఒప్పుకోవడంలో కూడా నాకంటే ఒక మెట్టు పైనే నిలబడిందని కడుపు మండిపోయింది. ఆ మంటలోనే లేచి వెళ్లాను.

"పోవద్దక్కా. నాతాన ఉండాయి" అన్నాను.

ఆమె ఒక చెప్పు వేసుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని ఆగింది. "నీతాన ఉండేది నాకు తెలుసు చెల్లీ. నా దాంట్లోంచి తీసుకుంటాండావు గదా. నాది పాయె అంటే నీది గూడా పాయె."

"నీ దాంట్లోంచి నేనెందుకు తీసుకుంటా? ముందే కార్డులోంచి లాగినా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది. చెప్పు చేతిలో అలాగే పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, వీధి చివరికి వినబడేలా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను దాచుకున్న సంగతి ఆమెకు ముందు నుంచీ తెలుసన్న మాట ఒక్కటే చెవిలో గుచ్చుకుంది.

తర్వాత అడిగాను. తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావు అని. కంప్యూటరులో చోటు ఎప్పుడూ చాలకపోయేది, ఎందుకా అని చూస్తే నా ఫోల్డరు కనబడిందట. చోటు కోసం తను ఇష్టంగా దాచుకున్న పాటలూ, తన పిల్లల చిన్నప్పటి వీడియోలూ సీడీల్లోకి ఎక్కించి కంప్యూటరులోంచి తీసేసిందట. నా ఫోల్డరు మాత్రం ఒక్కసారి కూడా తెరిచి చూడలేదట.

"నీ పేరు మీదుండాది గదా. నువ్వు ల్యాకుండా నీ బీరువా తెరుస్తానా?" అంది.

ఇలాంటి మనిషి పక్కన బతకడం ఎంత కష్టమో మీరే చెప్పండి. తెరిచి చూసి, తుడిచేసి, నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

బద్వేలు వాళ్ల ఆల్బం అందరికంటే ముందు ఇచ్చాం. పెళ్లికూతురి వెనక నేను మల్లెతోట పెట్టాను. అక్క ఆల్బంతో పాటు బద్వేలు వెళ్లి, జరిగిందంతా పూసగుచ్చినట్టు వాళ్లకు చెప్పి, మా చెల్లెలు లేకపోతే మీకు విస్తళ్లే మిగిలేవి అని చెప్పి వచ్చింది. ఆ తర్వాత వాళ్లు ఎప్పుడు అంగడికి వచ్చినా ముందు నన్ను పలకరించేవాళ్లు. అది కూడా ఆమె పెట్టిన భిక్షే కదా అని నాకు మింగుడుపడేది కాదు.

ఆ వారమే ఆమె స్క్రిప్టు మళ్లీ రాసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంటిపేరు ఎందుకు పెట్టుకున్నావో చెప్పమంది. చెప్పాను. యాడ అన్న ప్రశ్న కింద ఏ ఇంటోళ్లు అని ఇంకో ప్రశ్న చేర్చింది. బావగారి కోసం పెట్టిన అక్షరం తీసేసింది. ఉన్నదాని మీద ఎప్పటికీ రాయొద్దు, ఆ పేరుతో ముందే ఉంటే పక్కన కొత్తది చెయ్యి అని రాసింది. దాని కింద ఇంకో వరుస. ప్రతి ఫోటో రెండోసారి కాపీ అయి నా పేరున్న ఫోల్డరులోకి పోవాలి. నేను కుళ్లుతో చేసిన పనిని ఆమె అంగడి పద్ధతి చేసేసింది.

చివర్లో అయిపాయె అని ఉన్న చోట కొంచెంసేపు ఆలోచించి, అయిపాయె చెల్లీ, కార్డు తీసుకో అని మార్చింది.

లేచి కుర్చీ నా వైపు తిప్పింది. ఇంగ నువ్వు కూర్చో, నేను వంటింట్లో నిమ్మళంగా ఉంటా అంది. నేను కూర్చోలేదు. ఆమె ఇస్తే తీసుకునే కుర్చీ నాకెందుకు? ఆమె ఉండగానే, ఆమెకంటే నేనే మేలని అందరూ అంటే కూర్చోవాలి. వద్దక్కా, నాకు స్టూలే అలవాటైంది అన్నాను. ఆమె నా మాట నమ్మినట్టే తల ఊపి, మళ్లీ కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

ఆ చివరి మాట నాకు రోజూ చిరాకు తెప్పించేది. కార్డు తీసుకోవాలని నాకు తెలియదా? పైగా ఎవరు నొక్కినా అదే మాట. బావగారు నొక్కినప్పుడల్లా, మీ అక్క నన్ను చెల్లీ అంటాంది చూడమ్మా అని ఎగతాళి చేసేవాడు. మార్చెయ్యమని ఆమెను ఎన్నిసార్లో అడిగాను. మారుస్తాలే అనేది. మార్చలేదు.

దినాలు అయ్యాక అంగడి తెరిచాం. కుర్చీ ఖాళీగా ఉంది. మామగారు నన్ను చూసి, ఇంక నువ్వే కూర్చోవాలమ్మా, ఆమె స్థానం నీదే అన్నారు. అందరూ చూస్తున్నారు. ఇన్నేళ్లు నేను అడగని మాట, నాకు కావలసిన మాట అదే. పోటీకి మనిషి లేనప్పుడు వచ్చింది. నేను స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

మా ఆయన కార్డు తెచ్చి ఇచ్చాడు. దినాల రోజు ఫోటోలు, బావగారు తీయమన్నాడట. కార్డు గుచ్చి పళ్లచక్రం బొమ్మ నొక్కాను. యాడ అంది. కడప అని కొట్టాను. ఏ ఇంటోళ్లు అంది. అది నా ప్రశ్నే, నేను చెబితే ఆమె చేర్చిన ప్రశ్న. మా ఇంటిపేరు ఆ కిటికీలో కొట్టడం అదే మొదటిసారి. అక్షరాలు తప్పు పడ్డాయి. మళ్లీ కొట్టాను. ఫైళ్ల పేర్లు పరిగెత్తాయి, ఒకసారి ఆమె దాంట్లోకి, ఒకసారి నా దాంట్లోకి. తర్వాత ఆగాయి.

అయిపాయె చెల్లీ. కార్డు తీసుకో.

అప్పుడు వచ్చింది ఏడుపు, కోసిగిలో ఆగినది. షామియానా కింద ఆమె అందరిదీ అయిపోయింది. ఈ మాట ఒక్కటీ పూలమ్మే ఆమెకు రాసింది కాదు, టీచరమ్మకు కాదు, బావగారికి కూడా కాదు.

కార్డు తీసుకున్నాను. కింద ఏదన్నా ఒగటి నొక్కు అని ఉంది. నొక్కితే మూసుకుపోతుంది. మళ్లీ ఇంకో కార్డు వస్తే మళ్లీ తెరుచుకుంటుందని నాకు తెలుసు. అయినా నొక్కబుద్ధి కాలేదు. బావగారు ఎప్పుడు వచ్చాడో వెనక నిలబడి ఉన్నాడు. అలవాటుగా మీట నొక్కబోతూ వంగాడు. ఆయన చేతికి నా చెయ్యి అడ్డం పెట్టాను.

"ముట్టుకోవద్దు బావా. అది నాకు రాసింది" అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోతుంది, అప్పుడెట్లాగూ ఆరిపోతుంది అని మా ఆయన మెల్లగా గుర్తుచేశాడు. పోయినప్పుడు చూద్దాం అన్నాను.

పేము కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. పక్కన స్టూలు మీద, ఒళ్లో కాగితాలు పెట్టుకుని ఇది రాస్తున్నాను. నల్ల కిటికీలో ఆమె మాట అలాగే ఉంది. దాని కింద చిన్న తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ, నేను ఏదో ఒకటి నొక్కుతానని చూస్తోంది.